మొగుడూ పెండ్లామూ కలిసి నవలలు రాస్తే చివరి కోత ఎవరిది?

హంద్రీగట్టు (కర్నూలు)

అందరికీ నమస్తే. రాసేవాళ్లు, రాసి దాచుకునేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

నేనూ మా ఆయనా కలిసి నాలుగు నవలల వరుస మొదలుపెట్టినాము. కుటుంబం ఒకటే, తరాలు మారుతాయి. మొదటిది కేసీ (కర్నూలు-కడప) కాలువ తవ్వకం నుంచి 1876 ధాత కరువు దాకా. రెండోది కర్నూలు రాజధానిగా ఉన్న మూడేండ్లు. మూడోది శ్రీశైలం డ్యాము ముంపు. నాలుగోది 2009 అక్టోబరు వరద. మొదటిది సొంత డబ్బుతో అచ్చేసుకున్నాము. అయినవాళ్లకు పంచినవి పోను మిగిలినవి మంచం కింద ఉన్నాయి. రెండోదాని చిత్తుప్రతి అయిపోయింది, తిరగరాస్తున్నాము. పేచీ ఇక్కడే.

రాసేటప్పుడు ఏ గొడవా లేదు. ఆయన ఇరిగేషన్‌లో చేసి రిటైరైన మనిషి. కాలువలు, గెజిటీర్లు, పాత జీవోలు ఆయన సొత్తు. ఇండ్లు, అత్తాకోడండ్లు, అప్పులు, తిట్లు నావి. ఎవరి అధ్యాయాలు వాళ్లు రాసుకున్నాము. తిరగరాసే దగ్గరికొచ్చేసరికి నా అధ్యాయంలో ఆయన చెయ్యి, ఆయన అధ్యాయంలో నా చెయ్యి. "ఆమె పొయ్యి ముందర కూచుంది" అని నేను రాస్తే, దాని ముందర "ఆ రోజుల్లో పట్టణానికి వంటచెరకు నల్లమల నుంచి వచ్చేది" అని ఆయన ఒక పేరా దింపుతాడు. ఆయన కాలువ లెక్కలు నేను సగం కొట్టేస్తే భోజనం దగ్గర పలకడు. ఒకే ఫైలు మీద ఇద్దరం దిద్దుతున్నాము. పొద్దున నేను తీసేసినది సాయంత్రానికి మళ్లీ వచ్చి కూచుంటుంది.

ఇంకోటి. రెండో పుస్తకం చివర లచ్చుమమ్మను చంపాలని ఆయన, వద్దని నేను. ఆమె నాకు మూడో పుస్తకానికి కావాలి.

ఇద్దరు కలిసి రాసినవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి. చివరి మాట ఎవరిది? ఎట్లా తేల్చుకున్నారు?

చెనిక్కాయ (ఉరవకొండ)

అక్కా, మేమిద్దరం మా పాప పెండ్లి పత్రికలో నాలుగు లైన్లు కలిసి రాయలేక ప్రెస్సాయనకే వదిలేసినాము. మీరు నాలుగు నవలలంటాండారు. ముందు మీకో దండం. సలహా నా దగ్గర యాముండ్లేదు గానీ ఈ థ్రెడ్డులో ఒక మూల కూచుని చదువుతా.

గండికోటగాలి (జమ్మలమడుగు)

మేమిద్దరం ఫోన్ యాప్‌లో సస్పెన్స్ సీరియల్ రాస్తాము. వారం వారం పోవాల్సిందే, లేకుంటే చదివేవాళ్లు కామెంట్లలో పట్టుకుంటారు. మొదట్లో మీలాగానే అధ్యాయాలు పంచుకున్నాము. "బేసి భాగాలు ఒకరు, సరి భాగాలు ఒకరు రాస్తున్నారా?" అని ఒకాయన అడిగినాడు. అంత తేటగా తెలిసిపోయింది. తర్వాత పాత్రలు పంచుకున్నాము, నీ మనుషులు నీవి, నా మనుషులు నావి అని. అది ఇంకా అన్యాయం. ఎవరి పాత్రను వాళ్లు గెలిపించుకునేదానికే చూస్తారు. నేను రాసే ఎస్సై, మా ఆమె రాసే టీచరమ్మ ఒకే గదిలో ఉంటే ఇద్దరూ ఆపకుండా తెలివిగా మాట్లాడేవాళ్లు. ఎవరూ తగ్గరు.

ఇప్పుడు ఒకరు చెప్తే ఒకరు కొట్టడమే. ఆమె వంట చేస్తా చెప్తుంది, నేను బల్ల మీద కూచుని టైపు కొడతా. కొట్టేటప్పుడే "ఇది ఎందుకు?" అని అడుగుతా. జవాబొస్తే ఉంటుంది, రాకుంటే ఆమే "పోనీలే తీసెయ్" అంటుంది. సగం దిద్దుడు అక్కడే అయిపోతుంది.

చివరి మాట ఎవరిదంటే, మాకు చదివేవాళ్లదే. అది మంచిది కాదని కూడా చెప్తున్నా. కామెంట్ల మాట విని ఒక దొంగను మంచోణ్ని చేసినాము, ఆ సీరియల్ అక్కడే చప్పబడిపోయింది.

ప్రూఫుబల్ల (కడప)

నేను బ్రౌన్ గ్రంథాలయం చుట్టుపక్కల తిరుగుతూ ప్రూఫులు దిద్ది బతికే మనిషిని. ఇద్దరు రాసిన ప్రతులు కొన్ని నా చేతిలో పడ్డాయి. శైలి గురించి అందరూ భయపడతారు. నిజానికి శైలి తేడా పాఠకుడు ఓర్చుకుంటాడు. ఇద్దరి మధ్య జారిపోయేవి వివరాలు. ఇది ఆయన చూసుంటాడులే అని ఆమె, ఆమె చూసుంటుందిలే అని ఆయన. చివరికి ఎవరూ చూడరు.

మీ కాలాలు మీరు చెప్పారు కాబట్టి, ఇలాంటి ప్రతుల్లో నేను చూసిన తప్పులే చెబుతాను. కాలువ తవ్వే కూలి నోట "మన రాయలసీమ" అనే మాట రాకూడదు. ఆ పేరు వచ్చింది 1928లో, నంద్యాల సభలో. అంతకు ముందు దత్త మండలాలు. 1953లో గుమాస్తా "ఇరవై పైసలు" ఇచ్చాడని రాస్తారు. కొత్త పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, అప్పటిదాకా అణాలూ బేడలే. అదే గుమాస్తాను ఆర్టీసీ బస్సులో దింపుతారు. ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది 1958 జనవరిలో, అతను రావాల్సింది ప్రైవేటు బస్సులోనో రైల్లోనో. దూరం కిలోమీటర్లలో చెప్పకండి, మైళ్లు. బియ్యం కిలోల్లో కొలవకండి, శేర్లు, పడులు.

జిల్లాలు మరీ మోసం చేస్తాయి. 1950లో "కర్నూలు జిల్లా ఆదోని" అని రాస్తే తప్పు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోవి. బళ్లారి మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు కర్నూలుకూ, రాయదుర్గం అనంతపురానికీ వచ్చాయి. అటు గిద్దలూరు, మార్కాపురం, కంభం 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లావే. మీ మూడో పుస్తకంలో ఎవరూ "నంద్యాల జిల్లా" అనకూడదు, అది 2022 ఏప్రిల్ తర్వాతి మాట.

అందుకని ముందు ఒక పట్టిక వేయండి. ప్రతి మనిషికీ పుట్టిన సంవత్సరం, పెండ్లి, పిల్లలు, పోయిన సంవత్సరం. లచ్చుమమ్మకు 1953లో ఎంత వయసు? పాతికైతే, 1981లో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు యాభై మూడు. మూడో పుస్తకాన్ని మోయడానికి అంతకంటే మంచి వయసు లేదు. చంపకండి.

హంద్రీగట్టు

చివరి మాటకు నమస్కారం సార్. స్క్రీన్‌షాట్ తీసి ఫ్రిజ్జు మీద అంటించినా.

ఆదోని సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాది ఆదోనే. మా తాత చచ్చేదాకా "బళ్లారి జిల్లా" అనే అనేవాడు, ఉత్తరాల మీద కూడా అట్లే రాసేవాడు. అయినా ఉత్తరాలు చేరేవి.

సుంకేసుల (కర్నూలు)

నేనే ఆ "మా ఆయన"ను. ఈ చర్చ గురించి పక్కింటాయన చెబితే తెలిసింది.

చెనిక్కాయ

బావ వచ్చినాడు! అందురూ సర్దుకోండప్పా.

సుంకేసుల

నా వాదన కూడా వినండి. నేను పేరాలు దింపుతానంటున్నారు. ఆ పేరాలు ఎందుకో చెప్పనివ్వండి.

కేసీ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వింది. సుంకేసుల ఆనకట్ట దగ్గర తుంగభద్ర నీళ్లు పట్టి కడప దాకా తీసుకుపోవాలి, పొలాలకు నీళ్లు అమ్మాలి, పడవలు నడపాలి. లాభం వస్తుందని ఇంగ్లండులో వాటాలు అమ్మారు. కాలువ వచ్చింది, నీళ్లు వచ్చాయి, రైతు కొనలేదు. ఎందుకు కొనలేదు? నల్లరేగడి. వాన పడితే తేమ పట్టుకుని జొన్న పండిస్తుంది. ఆ నేలకు డబ్బిచ్చి నీళ్లు పెట్టడం దేనికి అనుకున్నాడు. కంపెనీ మునిగింది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఈలోగా 1876లో వానలు పోయి కరువొచ్చింది. మొన్న వద్దన్న నీళ్ల కోసమే జనం గట్టు మీదికి వచ్చారు.

ఇది తీసేస్తే మొదటి పుస్తకంలోని మా మద్దిలేటి ఎవరు? మట్టి మోసిన ఒక కూలి. ఇది ఉంటే? ఎవరికీ అక్కర్లేని కాలువను ప్రాణం పెట్టి తవ్వినవాడు, పదేళ్ల తర్వాత దాని గట్టు మీదే ఆకలికి పోయినవాడు. మా ఆమె కొట్టేసినది ఈ సంగతినే. అది పాఠమట. పాఠమైనా నవలకు వెన్నెముక అదే.

బుడ్డలచేను (నంద్యాల)

మీ మొదటి పుస్తకం నేను చదివినాను. మా బంధువుల ఇంట్లో దొరికింది (మంచం కింది వాటిలో ఒకటి తగ్గింది, సంతోషించండి).

సార్, మీరు చెప్పేది నిజమే. కంపెనీ మనిషి ఊరికొచ్చి నీళ్లు అమ్మజూపితే రెడ్డి అరుగు మీద కూచుని "మా చేనుకు దప్పికైతే అది పైకి చూస్తుంది, నీ దిక్కు చూడదు" అన్న చోటు రెండుసార్లు చదివినా. దాని తర్వాత సెకనుకు ఎన్ని ఘనపుటడుగులు, ఎన్ని లాకులు, గట్టు వాలు ఎంత అని వచ్చే రెండు పేజీలు దాటేసినా. మొదటిది మేడమ్ రాసిందని, రెండోది మీరు రాసిందని నా అనుమానం.

సుంకేసుల

మొదటిది నేను రాసింది. ఘనపుటడుగులూ నేనే.

హంద్రీగట్టు

అవును, ఆ రెడ్డి మాట ఆయనదే. దాన్ని నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఈ మనిషికి అట్లా రాయడం వస్తుంది. కానీ రాసినాక భయమేస్తుంది, చదివేవాడికి అర్థం కాలేదేమోనని. అప్పుడు ఘనపుటడుగులు పోస్తాడు.

నల్లకోటు (అనంతపురం)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. కథలో చివరి మాట మీ ఇష్టం. చట్టంలో చివరి మాట ఏమిటో చెప్పి పోతాను, ఎందుకంటే ఇది ఇండ్లలో ఎవరూ మాట్లాడుకోరు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఒకరి పాలు ఇంకొకరి పాలు నుంచి విడదీయలేని రచన ఉమ్మడి రచన. మీరు ఒకరి అధ్యాయంలో ఒకరు చెయ్యి పెట్టుకుని, సాయంత్రం మళ్లీ మార్చుకుని చేస్తున్న పని సరిగ్గా ఇదే. కాబట్టి హక్కు ఇద్దరిదీ. ప్రచురణకర్తకు ఇవ్వాలంటే ఇద్దరి సంతకం తీసుకోవడమే పద్ధతి. హక్కు గడువు, ఇద్దరిలో చివర పోయినవాళ్లు పోయిన తర్వాత 60 ఏండ్లు. రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు పుడుతుంది. చేయించుకుంటే రేపు రుజువుకు పనికొస్తుంది.

ఇంకొకటి. రెండో పుస్తకం ఎవరన్నా ప్రచురిస్తామని వస్తే హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు, ప్రాంతం రాయించండి. గడువు రాయకుంటే అయిదేండ్లనీ, ప్రాంతం రాయకుంటే భారతదేశమనీ చట్టం అనుకుంటుంది. నాలుగు పుస్తకాల వరుస కాబట్టి "తర్వాతి భాగాలు కూడా మాకే" అన్న వాక్యం సన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. సార్ ఘనపుటడుగులను విడిగా వ్యాసంగా పత్రికకు పంపుకుంటే అది ఆయన ఒక్కరిదే. బహుశా అందరికీ మంచిది కూడా.

చెనిక్కాయ

లాయరు సారు కూడా దెబ్బేసి పోయినాడు 😄

గండికోటగాలి

అక్కా, మాటలతో తేలదు. మీరిద్దరూ రెండు రకాలుగా రాసిన చోటు ఒకటి పెట్టండి. చూస్తాము.

హంద్రీగట్టు

సరే. రెండో పుస్తకం మొదట్లోది. రాజధాని వచ్చింది, ఊర్లో ఇండ్లు చాలవు. లచ్చుమమ్మ పశువుల కొట్టం అద్దెకిస్తుంది. ముందు ఆయనది:

"1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. కర్నూలు రాజధాని అయింది. కార్యాలయాలకు, ఉద్యోగులకు సరిపోయే భవనాలు లేనందున మైదానాలలో గుడారాలు వేశారు. ఇంటి అద్దెలు విపరీతంగా పెరిగాయి. బుధవారపేటలో లచ్చుమమ్మ తన పశువుల కొట్టాన్ని మద్రాసు నుంచి వచ్చిన ఒక గుమాస్తాకు అద్దెకిచ్చింది."

నాది:

"లచ్చుమమ్మ ఎనుమును విప్పి పెరట్లో వేపచెట్టుకు కట్టేసింది. కొట్టంలో పేడ ఎత్తి, కడిగి, అలికింది. వాసన పోలేదు. గుమాస్తా గడప అవతలే నిలబడి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. 'నెలకెంత?' అన్నాడు. ఆమె చెప్పింది. రుమాలు తీసేసి 'ఇంతా?' అన్నాడు. 'గుడారంలోనైతే ఊరికే. పోయి పండుకో నాయనా' అనింది."

బుడ్డలచేను

రెండోది. ఆలోచించే పనే లేదు.

ప్రూఫుబల్ల

నేను కొంచెం ఆలోచిస్తాను. రెండోది బాగుంది, నిజం. కానీ ఈ సంగతి ముందే తెలిసినవాళ్లకు బాగుంది. ఇరవై ఏండ్ల పిల్ల, కర్నూలు ఒకప్పుడు రాజధాని అని తెలియని పిల్ల చదివితే? గుడారం ఎందుకు, మద్రాసు గుమాస్తా ఇక్కడ ఏం చేస్తున్నాడు? అమ్మగారు తనకు తెలిసినదంతా పాఠకుడికీ తెలుసు అనుకుంటున్నారు. సార్‌కు ఉన్నది దీనికి ఎదురు జబ్బు, పాఠకుడికి ఏమీ తెలియదనుకుంటారు. మీకు ఒకరు ఇంకొకరు కావాల్సింది ఇక్కడే.

ఒక పద్ధతి చెబుతాను, పాటించి చూడండి. పుస్తకానికి ఒకే చివరి చెయ్యి. రెండో పుస్తకానికి అమ్మగారిది. సార్ ఆ ఫైలులో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు, పక్క అంచులో ప్రశ్నలు మాత్రం రాయాలి. "ఇక్కడ ఇది చేర్చు" అని రాయకూడదు. "ఇతను ఎక్కడి నుంచి వచ్చాడు?" అని అడగాలి. అడిగిన ప్రతి ప్రశ్నకూ అమ్మగారు కథలోనే జవాబు చెప్పాలి. లేదా ఎందుకు చెప్పడం లేదో అంచులో రాయాలి. మౌనంగా చెరిపేయడానికి వీల్లేదు.

సుంకేసుల

ప్రశ్నలకు గరిష్ఠ పరిమితి ఉందా?

ప్రూఫుబల్ల

పేజీకి మూడు. మీకు పెట్టకపోతే కష్టం.

గండికోటగాలి

ఇది మా పొయ్యికాడి పద్ధతే, కాగితం మీదికి వచ్చింది. పని చేస్తుంది. ఒకటే జాగర్త, ప్రశ్నలో వెటకారం ఉండకూడదు. "ఈమెకు ఎనుము తప్ప ఇంకేమీ కనపడదా?" అని నేను ఒకసారి రాస్తే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

హంద్రీగట్టు

చేసి చూసినాము. ఆయన అడిగినవి ఇవి: మొన్న బేరం తెగనోడు ఈరోజు ఎందుకు ఒప్పుకుంటాడు? గుడారం ఎట్లా ఉంటుందో ఆమె చూసిందా? అతను ఏం పని చేస్తాడు?

మొదటి ప్రశ్న చూసినప్పుడు కోపమొచ్చింది, ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. రాత్రి కూచుని ఇది రాసినా:

"మద్రాసు గుమాస్తా మళ్లీ వచ్చినాడు. మొన్న అద్దె వినగానే తిరిగిపోయిన మనిషి, ఈరోజు మోకాళ్ల దాకా బురదతో, చంకలో ఫైళ్ల మూటతో గడప లోపలికే వచ్చి నిలబడినాడు. రాత్రి వానకు మైదానంలో వాళ్ల గుడారం కూలిందంట. రాజధాని కాగితాలు తడిస్తే ఉద్యోగం పోతుందని వాటి మీద బోర్లా పండుకున్నాడంట. వీపు చూపించినాడు, చొక్కా ఇంకా ఆరలేదు. పేడ వాసన సంగతి ఎత్తలేదు.

'మొన్న చెప్పిన అద్దేనా?' అన్నాడు.

లచ్చుమమ్మ ఎనుము దిక్కు చూసింది. 'మొన్న వాన లేదు కదా నాయనా' అనింది."

చెనిక్కాయ

ఓయమ్మా! ఈమెను చంపాలనుకున్నారా బావా మీరు?

బుడ్డలచేను

తేదీ లేదు, గెజిటీరు లేదు, అయినా అంతా తెలిసింది. రాజధాని అంటే ఫైళ్ల మీద పండుకున్న మనిషి. సార్, ఇది మీ ప్రశ్నలతో వచ్చింది, ఆ మాట మేడమ్ ఒప్పుకోవాల.

హంద్రీగట్టు

ఒప్పుకున్నా. ఆయన ముందరే చదివి వినిపించినా. "అద్దె ఎంత పెంచిందో రాయలేదు" అన్నాడు. అది నాలుగో ప్రశ్న, లెక్కలోకి రాదని చెప్పినా.

సుంకేసుల

రెండో పుస్తకానికి ఆమె చివరి చెయ్యి. ఒప్పుకుంటున్నాను. లచ్చుమమ్మ బతుకుతుంది. మూడో పుస్తకానికి చివరి చెయ్యి నాది కావాలి. అది శ్రీశైలం ముంపు. అందులో పోయిన ఊళ్లలో మాదీ ఒకటి. ఊరు ఖాళీ చేసినప్పుడు నాకు పందొమ్మిదేండ్లు. దాని గురించి ఇంకెవరూ కోతపెట్టడం నాకు ఇష్టం లేదు.

హంద్రీగట్టు

ఇది ఇక్కడ చెప్పొచ్చునో లేదో. ఆయనే ఎత్తినాడు కాబట్టి చెప్తున్నా.

మూడో పుస్తకానికి ఆయన రాసుకున్న నోట్సు నేను చూసినాను. రెండు లాంగు నోటుబుక్కులు. ఏ సర్వే నంబరుకు ఎంత పరిహారం, ఏ మెట్ట ఎన్ని ఎకరాలు, ఏ నోటీసు ఏ తేదీన వచ్చింది, కూడలి సంగమేశ్వరాలయం రాళ్లకు నంబర్లు వేసి అలంపురానికి ఎట్లా తరలించినారు, అన్నీ ఉన్నాయి. వాళ్ల ఇల్లు లేదు. వాళ్లమ్మ లేదు. మొదటి పుస్తకంలో ఎవరో తెలియని మద్దిలేటి చావును అంత బాగా రాసిన మనిషి, సొంత ఊరి దగ్గరికొచ్చేసరికి ఎకరాలు రాస్తున్నాడు.

కోత గురించి నాకు భయం లేదు. అందులో కోయడానికి కథే లేదు. అదీ నా భయం.

గండికోటగాలి

గండికోట రిజర్వాయరు కింద పోయిన ఊళ్లోళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. కదిలిస్తే వాళ్లూ ముందు పరిహారం లెక్కే చెప్తారు. ఎంతిచ్చినారు, ఎంత రావాల, ఎవరికి రాలేదు. చాలాసేపటికి గానీ ఇంటి మాట రాదు. సార్ నోటుబుక్కులు చూసి తొందరపడొద్దక్కా. ఆ లెక్కలే ఆయనకు గుమ్మం.

ప్రూఫుబల్ల

ఈసారి నియమం తిరగేయండి. మూడోదానికి చివరి చెయ్యి సార్‌దే, ఆయన అడిగినట్టే. ప్రశ్నలు అమ్మగారివి. మొదటి చిత్తు మాత్రం కాగితం మీద వద్దు. జమ్మలమడుగువారి పద్ధతిలో సార్ చెప్పాలి, అమ్మగారు ఫోన్‌లో రికార్డు చేయాలి. తర్వాత దించుకోవచ్చు. రాసేటప్పుడు వచ్చే ఘనపుటడుగులు మాట్లాడేటప్పుడు రావు. పేజీకి మూడు ప్రశ్నలే, అదీ మర్చిపోవద్దు.

సుంకేసుల

పరిహారం ఎకరాకు ఎంతో రాయకుండా ఆ నవల రాయడం సాధ్యం కాదు. అది ముందే చెబుతున్నాను.

హంద్రీగట్టు

రాయి. ఎవరు వద్దన్నారు. ఆ డబ్బు తీసుకున్న రోజు మీ నాయన ఏం చేసినాడు?

సుంకేసుల

ఇంటికి రాలేదు.

తర్వాత చెబుతాను. ఇక్కడ కాదు.

నల్లకోటు

మొదటి ప్రశ్నకే సాక్షి నోరు విప్పినాడు. మేడమ్ మా కోర్టులో ఉండాల్సిన మనిషి.

చెనిక్కాయ

అక్కా, ఇంగ ఈడ ఆపి రికార్డర్ ఆన్ చెయ్.

ప్రూఫుబల్ల

అచ్చు సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తే రేపు నాకు తిప్పలు తగ్గుతాయి. రెండో పుస్తకం ఒకే మూలప్రతి ఉంచండి, అది అమ్మగారి దగ్గరే ఉండాలి. సార్‌కు పంపేది కాపీ, అంచు ప్రశ్నలతో తిరిగి రావాలి. పాత రూపాలు తేదీతో పేరు పెట్టి దాచండి, కొట్టేసిన కాలువ పేజీలు సహా. నాలుగో పుస్తకంలో వరద వచ్చినప్పుడు హంద్రీ, తుంగభద్రల లెక్క కావాలంటే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

యూనికోడ్‌లో కొట్టి డీటీపీకి ఇస్తారు, వాళ్లు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ కోసం 'అను' అనే ఫాంటుకు మారుస్తారు. మార్చినప్పుడు ఒత్తులు కొన్ని ఎగిరిపోతాయి, కొన్ని పక్క అక్షరానికి అంటుకుంటాయి. అందుకని మార్చిన తర్వాతి ప్రూఫు ఇద్దరూ చదవాలి, ఒకరు పైకి చదివితే ఒకరు చూడాలి. అప్పుడు కథ మార్చకూడదు. ప్రూఫులో కొత్త వాక్యం పెట్టే రచయితను చూస్తే మాకు వణుకు.

డెమీ సైజులో ఫారానికి (అచ్చేసి మడతపెట్టే పెద్ద కాగితానికి) 16 పేజీలు. 16 ఫారాలంటే 256 పేజీలు. మీది 260 వచ్చిందనుకోండి, ఆ నాలుగు పేజీల కోసం ఇంకో ఫారం ఖర్చు పడుతుంది. కోత ఎక్కడ పెట్టాలో అప్పుడు మీకు మళ్లీ గొడవ వస్తుంది. ముందే అనుకోండి.

సుంకేసుల

ప్రస్తుతం 271 పేజీలు.

హంద్రీగట్టు

272 దాకా 17 ఫారాలు. అంటే నీకు ఇంకా ఒక పేజీ ఉంది. ఘనపుటడుగులు పెట్టుకో.

సుంకేసుల

ఆ పేజీ లచ్చుమమ్మ ఎనుముకు ఇస్తున్నాను. వేపచెట్టు కింద వానలో అది ఏమైందో ఎవరూ రాయలేదు. కొత్త పేజీ కాబట్టి ఇది నా మొదటి ప్రశ్న, నాలుగోది కాదు. లెక్క చూసుకో.

బుడ్డలచేను

రెండో పుస్తకం వచ్చినప్పుడు నంద్యాలకు ఒకటి పంపండి, డబ్బిచ్చి కొంటా. జిల్లా పేరు చిరునామాలో ఎట్లా రాస్తారో మీ ఇష్టం, ఉత్తరం చేరుతుంది.